క్లైవు దొరగారి కష్టార్జితం

ఇంగ్లండులోని పాత బంగళాల చరిత్ర రాసేవాళ్లకి నోరూరించే వాక్యం ఒకటుంది: ఫలానా ప్రభువు ‘ఇండియాలో సంపాదించిన సొమ్ముతో’ ఈ ఇల్లు కట్టించాడు. సంపాదించిన! పాపం, ఎండనపడి చెమటోడ్చి ఉంటాడు.

సర్రేలో ఈషర్ దగ్గరున్న క్లేర్‌మాంట్ బంగళా సంగతి చూద్దాం. వాన్‌బ్రూ అనే వాస్తుశిల్పి తనకోసం కట్టుకున్న చిన్న ఇంటిని న్యూకాజిల్ డ్యూక్ కొని భారీగా పెంచాడు. 1769లో అది రాబర్ట్ క్లైవు చేతికొచ్చింది. పల్లంలో ఉంది, చెమ్మగా ఉందని మొత్తం కూలగొట్టించి, మెరక మీద తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్, వాస్తుశిల్పి హెన్రీ హాలండ్‌ల చేత కొత్తది లేపించాడు. కూల్చడమూ ఖర్చే, కట్టడమూ ఖర్చే. సంపాదనపరుడు కదా, తట్టుకున్నాడు.

ఆ సంపాదన లెక్కేమిటో చూద్దాం. 1744లో మద్రాసులో దిగినప్పుడు క్లైవు ఈస్టిండియా కంపెనీ గుమాస్తా, జీతం ఏడాదికి 5 పౌండ్లు. ప్లాసీ యుద్ధం అయ్యాక, బెంగాల్ నవాబు గద్దెనెక్కిన మీర్ జాఫర్ నుంచి ముట్టింది 2,34,000 పౌండ్లు. అంటే 46,800 ఏళ్ల జీతం! కాఫీ తాగకుండా, చొక్కా కొనకుండా, పండక్కి ఇంటికి పోకుండా దాచి ఉండాలి. మంచుయుగంలోనే ఉద్యోగంలో చేరి ఉండాలి. మద్రాసు కోట ఇంకా లేదు కాబట్టి గుహలో కూచుని, పక్కన ఏనుగంత బొచ్చు జంతువు తిరుగుతుంటే, రాతిపలక మీద బట్టల బేళ్లు లెక్కరాసి ఉండాలి. మధ్యలో ఒక్క ఇంక్రిమెంటన్నా ఇవ్వని ఆ కంపెనీని ఏమనాలి! పైగా ఏటా 27,000 పౌండ్ల శిస్తొచ్చే జాగీరు. అదీ పొదుపేనేమో.

మనవాళ్లూ ఆ పొదుపులో చెయ్యేశారు లెండి. క్లైవు పంపిన కంపెనీ సేనాని ఫోర్డు 1758లో గోదావరి సీమలోని చందుర్తిలో ఫ్రెంచివాళ్ల మీద గెలిచి, 1759 ఏప్రిల్‌లో బందరు కోట పట్టాడు. 1765 ఆగస్టు 12న అలహాబాదులో మొగలు పాదుషా దగ్గర బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు హక్కుతోపాటు మన కోస్తా ఉత్తర సర్కార్లకూ కంపెనీ పేర కాగితం పుట్టింది. గోదావరి రైతునడిగిన నాథుడు లేడు.

ఇల్లు కొన్న ఆ ఏడాదే బెంగాల్‌లో కరువు మొదలైంది. జనంలో మూడోవంతు పోయారని 1772లో అప్పటి బెంగాల్ గవర్నరు వారన్ హేస్టింగ్సే రాశాడు. అదే ఉత్తరంలో 1771 శిస్తు వసూలు 1768ని మించిందనీ రాశాడు! ఎలా మించింది? చచ్చినవాడి శిస్తు, ఊరొదిలి పారిపోయినవాడి శిస్తు పక్కింటివాడి నెత్తిన రుద్ది గుంజారు. దానికో పద్దు కూడా ఉంది, పేరు నజాయ్. శవం బాకీ వసూలు చేసిన సొమ్మయ్యా అది! దొర అప్పటికే ఇంగ్లండు చేరుకున్నాడు, ఒప్పుకుంటాం. జాగీరు పైకం కూడా ఠంచనుగా చేరింది. దీన్నా సంపాదన అంటారు? సిగ్గుండాలి.

ఇంతా చేసి ఆ బంగళా గుమ్మం ఎవరికీ అచ్చిరాలేదు. దొర 1774లో లండన్ ఇంట్లో పోయాడు. 1817లో ఇంగ్లండు యువరాణి షార్లెట్ ఈ బంగళాలోనే పురుడు వికటించి పోయింది. గద్దె పోగొట్టుకొచ్చిన ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ 1850లో అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడు అందులో బడి నడుస్తోంది.

కట్టేటప్పుడు చుట్టుపక్కల పల్లెజనం ఏమనుకునేవారో చరిత్రకారుడు మెకాలే రాశాడు: దయ్యం వచ్చి ఎత్తుకుపోతుందని భయపడి ఆ పాపిష్టి ప్రభువు గోడలు అంత మందంగా కట్టిస్తున్నాడట. చదువురాని ఆ సర్రే పాలేర్లకి ‘సంపాదించాడు’ అన్న మాట మాత్రం తట్టలేదు.