‘కె’ని విప్పి రాయండి

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ‘కానూరి’ అని పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒట్టి ‘కె’. బ్యాంకు పాస్‌బుక్‌లో ఆ ‘కె’ పేరు చివరికి చేరి ఉంటుంది. మూడూ ఒకే అమ్మాయివని రుజువు చేసుకోవడానికి తండ్రి పని మానుకుని మీసేవ చుట్టూ తిరుగుతాడు. అడ్మిషన్ల వేళ గుంటూరు, విజయవాడల్లో ఎన్నో ఇళ్లలో ఇదే టెన్షన్.

కంకిపాడులో పుట్టి, విజయవాడ ఎంపీగా, కేంద్ర మంత్రిగా పనిచేసిన ఇంజినీరు కానూరి లక్ష్మణరావు గారు మనకు కె.ఎల్. రావుగానే తెలుసు. పులిచింతల ప్రాజెక్టుకు పెట్టిందీ ఆ పొడి అక్షరాల పేరే. విజయవాడను ఆనుకునే కానూరు అనే ఊరుంది. ఆ ‘కె’ అంటే ఏమిటని అడిగితే చెప్పగల పిల్లలెందరు?

మన ఇంటిపేర్లలో చాలా వాటికి మూలం ఊరే. వలస వెళ్లినవాళ్లను కొత్తచోట ఫలానా ఊరివాళ్లు అన్నారు, అదే తరతరాలకూ నిలిచింది. టంగుటూరు ‘టంగుటూరి’ అవుతుంది, నూతలపాడు ‘నూతలపాటి’ అవుతుంది. ఏరు ‘ఏటి’ అయినట్టే. ఆ ఊరికి చెందిన అనే అర్థమంతా ఆ చివరి అక్షరంలోనే ఉంది. దుగ్గిరాల, ఉండవల్లి, వెలగపూడి అయితే ఏ మార్పూ లేకుండా ఇటు ఊళ్లు, అటు ఇంటిపేర్లు.

బెజవాడ సంగతి చూడండి. బోర్డుల మీద ఆ పేరు పోయి విజయవాడ వచ్చింది. ఇంటిపేరుగా మాత్రం దూరాన బతికింది. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టి ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన గోపాలరెడ్డి గారిది బెజవాడే. కోలారు బంగారు గనుల దగ్గర పుట్టి, పాకీపని నిర్మూలనకు పోరాడి 2016లో మెగసెసె అవార్డు అందుకున్న విల్సన్ గారిదీ బెజవాడే. నెల్లూరు జిల్లాలోనే పుట్టిన కవి శేషేంద్ర శర్మ గారి ఇంటిపేరు గుంటూరు. వీటిని ‘బి’, ‘జి’ అని కత్తిరిస్తే మిగిలేదేమిటి?

ఇంటిపేరు కులాన్ని పట్టిస్తుందని వద్దనుకునేవారి ఇష్టం వారిదే, బలవంతం కూడదు. పెళ్లయ్యాక పుట్టింటి పేరే ఉంచుకుంటానన్న అమ్మాయినీ ఏ ఆఫీసూ ప్రశ్నించకూడదు. రాయాలనుకునేవారికి మాత్రం పూర్తిగా, తెలుగులో, పేరుకు ముందు రాసుకునేంత చోటివ్వాలి. ఒకచోట సరిదిద్దితే అన్ని రికార్డుల్లోనూ మారాలి. వచ్చే జూన్‌కు బడి ఫారాలు అచ్చుకు వెళ్లేలోపే విద్యాశాఖ వాటిలో ఇంటిపేరు గడిని పొడిగించాలని కోరుతున్నాం.