ఫ్రిజ్ మీద 22,903

మా మావయ్యగారిది తణుకు. సహకార బ్యాంకులో ముప్పై రెండేళ్ళు పనిచేసి మేనేజరుగా రిటైరయ్యారు. అందులో ఎక్కువ కాలం బకాయిల వసూళ్ళ సెక్షనే. కాగితం మీద ఒక పేరు, దానికి ఎదురుగా ఒక అంకె కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి జేబులో కళ్ళజోడు వెతుక్కుంటుంది. పెళ్ళయిన పన్నెండేళ్ళుగా ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించాను.

ముందు కాగితం కథ చెప్పాలి. మేముండేది టెక్సాస్‌లో, ఆస్టిన్ పక్కనున్న సీడార్ పార్క్‌లో. మా పక్కింటాయన డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. 1977లో టెక్సాస్ యూనివర్సిటీలో చదువుకున్నాడు. ఆయన టోపీ, చొక్కా, ట్రక్కు, చెత్తడబ్బా మూత అన్నీ ఒకటే రంగు: బాగా కాలిన ఇటుక రంగు. అది ఆ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు రంగు. కాలేజీ పిల్లల ఆట చూడటానికి ఆస్టిన్‌లో లక్షమంది పట్టే స్టేడియం ఉంది. వచ్చిన కొత్తలో ఇది వింటే నాకు నవ్వొచ్చింది. ఆదివారం పొద్దున ఆయన ముఖం చూసి శనివారం ఎవరు గెలిచారో చెప్పగలిగే స్థితికి వచ్చాక నవ్వడం మానేశాను.

పేరుకి ఫుట్‌బాలే గానీ బంతిని కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే ఇంకో నాలుగు ప్రయత్నాలిస్తారు. బంతిని చంకలో పెట్టుకుని, ఎదురుగా వచ్చే కొండల్లాంటి మనుషుల మధ్యలోంచి దూసుకుపోయేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. మన కబడ్డీలో కూతకెళ్ళినవాడే అనుకోండి. కాకపోతే వీడు కూత కూయడు, వెనక్కి రాడు.

పోయిన వేసవిలో పక్కింటాయన కంచె దగ్గర నిలబడి, "టెక్సాస్ చరిత్రలో నీ టాప్ ఫైవ్ రన్నింగ్ బ్యాక్స్ ఎవరు?" అని అడిగాడు. నేను తడుముకోకుండా, "అడ్రియన్ పీటర్సన్" అన్నాను. టెక్సాస్‌లో పుట్టాడని ఎక్కడో చదివిన గుర్తు. పుట్టడం టెక్సాస్‌లోనే పుట్టాడు. కానీ కాలేజీ ఆట ఆడింది ఓక్లహోమాకి. టెక్సాస్‌కీ ఓక్లహోమాకీ ఏటా అక్టోబర్‌లో డల్లాస్‌లో జరిగే మ్యాచ్ రోజున ఇరుపక్షాల చుట్టాలు ఒకరింట ఒకరు మంచినీళ్ళు కూడా ముట్టరు. పక్కింటాయన చేతిలో గ్లాసు కింద పెట్టి, తోటకి నీళ్ళు పెట్టాలంటూ లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడు వాన పడుతోంది.

రెండు నెలల తర్వాత ఆయనే మెత్తబడి, "శనివారం మ్యాచ్‌కి మా ఇంటికి రండి, మీ అత్తమామల్నీ తీసుకురండి. నీ లిస్టు కూడా పట్రా" అన్నాడు. పరీక్ష తప్పినవాడికి సప్లిమెంటరీ అన్నమాట.

నాలుగు రాత్రులు కూర్చుని చదివాను. అంత శ్రద్ధ ఇంజనీరింగ్‌లో పెట్టి ఉంటే మా నాన్నకి బీపీ వచ్చేది కాదు. ఎర్ల్ క్యాంప్‌బెల్: టైలర్ ఊరివాడు, పదకొండు మంది పిల్లల ఇంట్లో పుట్టాడు, 1977లో హైస్‌మన్ ట్రోఫీని, అంటే ఏటా దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే బహుమతిని, టెక్సాస్ యూనివర్సిటీకి తొలిసారి తెచ్చాడు. రికీ విలియమ్స్: 1998లో రెండో హైస్‌మన్ ఇతనిదే. కాలేజీ ఆటలో మొత్తం పరుగు గజాల్లో టోనీ డోర్సెట్ పేరు మీద ఇరవై రెండేళ్ళుగా ఉన్న రికార్డుని అరవై గజాల ఒక్క పరుగుతో దాటేశాడు. సెడ్రిక్ బెన్సన్, బిజాన్ రాబిన్సన్, క్రిస్ గిల్బర్ట్. జమాల్ చార్ల్స్‌ని వదిలేయడానికి ఒక రాత్రి పట్టింది. రూజ్‌వెల్ట్ లీక్స్ కోసం ఇప్పటికీ బాధపడుతున్నాను.

చివరికి ఇంటిపేరు, ఎదురుగా మొత్తం ఎన్ని గజాలు పరిగెత్తాడో అంకె రాసుకుని, వస్తూ పోతూ బట్టీ పట్టొచ్చని ఫ్రిజ్ మీద అంటించాను. క్యాంప్‌బెల్ 4,443. విలియమ్స్ 6,279. బెన్సన్ 5,540. రాబిన్సన్ 3,410. గిల్బర్ట్ 3,231. ఎవరు ఎవరి తర్వాతో ఇంకా తేలలేదు. "శనివారం పక్కింటాయన దగ్గర కూర్చుని తేల్చుకోవాలి, ఎవరు ముందో ఎవరు వెనకో" అని హాల్లో ఫోన్‌లో ఫ్రెండుతో అన్నాను. మావయ్యగారు ఆ పక్కనే పేపరు చదువుతున్నారు.

బుధవారం చూస్తే కాగితం కింద ఎవరో ఎర్ర పెన్నుతో గీత గీసి, కూడిక వేసి, 22,903 అని రాసి, దాని కింద మళ్ళీ రెండు గీతలు గీశారు. ఐదుగురి పరుగు కలిపితే ఎవరికి లాభం? మా అమ్మాయి లెక్కలు ప్రాక్టీసు చేస్తోందనుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో గాలి మారింది. మావయ్యగారు గది గదికీ తిరిగి లైట్లు ఆపుతున్నారు. ఏసీ ఎనభై ఫారెన్‌హీట్‌కి పెంచారు. చీరల షాపుకి బయల్దేరదాం అంటే అత్తయ్యగారు, "ఇప్పుడెందుకులే బాబూ, ఉన్నవి చాలు" అన్నారు. ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

గురువారం రాత్రి మా ఆవిడ పక్కన కూర్చుని, "ఏవండీ, మీరు నాతో ఏమైనా చెప్పాలా?" అంది. గొంతు వణుకుతోంది. దొరికిపోయాననుకున్నాను. "మీ అమ్మమ్మగారి ఇత్తడి చెంబు డిష్‌వాషర్‌లో పెట్టింది నేనే" అని ఒప్పేసుకున్నాను. "ఇంకా?" అంది. "సొట్ట కూడా నేనే పెట్టాను" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని అటు తిరిగి పడుకుంది.

శుక్రవారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి బావమరిది ఫోన్. "బావా, నా పీఎఫ్‌లో కొంత ఉంది. మొహమాటపడకండి" అన్నాడు. కుర్రాడు పొదుపు గురించి నా సలహా అడుగుతున్నాడు కాబోలనుకుని, "నీ పీఎఫ్ జోలికి వెళ్ళకు. నీ భవిష్యత్తు చూసుకో" అన్నాను. అటువైపు ముక్కు చీదిన చప్పుడు. "ఈ పరిస్థితిలో కూడా నా గురించే ఆలోచిస్తున్నారు బావా" అని పెట్టేశాడు. ఏ పరిస్థితో నాకు అర్థం కాలేదు. గిల్బర్ట్‌ని నాలుగులో పెట్టాలా ఐదులో పెట్టాలా అన్న ఆలోచనలో పడి అడగడం మర్చిపోయాను.

శనివారం మధ్యాహ్నం పులిహోర, గారెలు పట్టుకుని పక్కింటికి వెళ్ళాం. మావయ్యగారు ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, చంకలో ఫోల్డరు పెట్టుకుని వచ్చారు. పక్కింటాయన గుమ్మంలో చూపుడువేలూ చిటికెనవేలూ నిలబెట్టి, నడిమి రెండు వేళ్ళనీ బొటనవేలితో నొక్కిపెట్టి చెయ్యెత్తాడు. అది వాళ్ళ జట్టు సంజ్ఞ, కొమ్ముల ఎద్దు. మా అమ్మాయి ఇక్కడ కూచిపూడి నేర్చుకుంటోంది. "తాతయ్యా, సింహముఖ హస్తం!" అని గుర్తుపట్టేసింది. మావయ్యగారు గంభీరంగా నమస్కారం పెట్టారు.

పెరట్లో పొయ్యి మీద సాసేజ్‌లు కాలుతున్నాయి. నేను ఐసు తెచ్చే పని మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. దూరం నుంచి చూస్తే ఇద్దరు పెద్దవాళ్ళూ కుర్చీలు దగ్గరికి లాక్కుని నా కాగితం మీదికి వంగి మాట్లాడుకుంటున్నారు. ముచ్చటేసింది. మావయ్యగారికి ఆట మీద ఇంత ఆసక్తి ఎప్పుడు పుట్టిందో! ఆ తర్వాత ఇద్దర్నీ అడిగి కూడబలుక్కున్నదేమిటంటే, జరిగింది ఇదీ.

"దిస్ విలియమ్స్. సిక్స్ థౌజండ్ టూ సెవెంటీ నైన్. టూ మచ్ సార్. హౌ?" అని మావయ్యగారు మొదలుపెట్టారు.

పక్కింటాయన ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్న అడిగేవాడి కోసం ఏళ్ళ తరబడి చూస్తున్నాడు. "నాలుగేళ్ళలో! మొదటి ఏడు 990, రెండో ఏడు 1,272, మూడో ఏడు 1,893, నాలుగో ఏడు 2,124."

"చక్రవడ్డీ" అని మావయ్యగారు నిట్టూర్చారు. "మనిషి ఎలాంటివాడు?"

"శాంతమూర్తి. మధ్యలో అన్నీ వదిలేసి కాలిఫోర్నియా వెళ్ళి ఆయుర్వేదం చదువుకున్నాడు."

మావయ్యగారు ఎర్ర పెన్నుతో విలియమ్స్ పక్కన 'గడువు అడగవచ్చు' అని రాసుకున్నారు. "మరి క్యాంప్‌బెల్?"

పక్కింటాయన కుర్చీలోంచి లేచాడు. "క్యాంప్‌బెల్ ఎవరికీ పక్కకి తప్పుకోడు. ఎదురుగా ఎంతమందున్నా మీద నుంచే పోతాడు. చొక్కా చిరిగి వేలాడుతున్నా ఆగడు."

మావయ్యగారి పెన్ను ఆగింది. "గవర్నమెంటు ఏమీ చేయదా?"

"చేయకేం! 1981లో రాష్ట్ర శాసనసభ ఆయన్ని టెక్సాస్ హీరో అని ప్రకటించింది. స్టేడియం దగ్గర విగ్రహం కూడా ఉంది. ఇదిగో, ఈ సాసేజ్‌లు కూడా ఆయన పేరు మీదే అమ్ముతారు."

వడ్డీ వ్యాపారికి విగ్రహం పెట్టే రాష్ట్రంలో కూతురు కాపురం చేస్తోందని తెలిసి ఆయన ఎంత కుంగిపోయి ఉంటారో నేను ఊహించగలను. ఫోల్డర్లోంచి వణికే చేత్తో కవరు తీశారు. అందులో నూట పదహారు డాలర్లు. "అడ్వాన్స్. ఫస్ట్ టు క్యాంప్‌బెల్. బ్యాలెన్స్ ఇన్‌స్టాల్‌మెంట్స్."

డబ్బు చూడగానే పక్కింటాయన తొడ చరిచాడు. క్యాంప్‌బెలే నంబర్ వన్ అని ఇండియా నుంచి వచ్చిన పెద్దమనిషి పందెం కాస్తున్నాడు! "నాదీ క్యాంప్‌బెల్ మీదే!" అంటూ జేబులోంచి ఇరవై డాలర్ల నోటు తీసి ఆ కవరు మీద పెట్టాడు. మావయ్యగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ముక్కూ మొహం తెలియని మనిషి, తన అల్లుడి బాకీకి చెయ్యి వేస్తున్నాడు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత రాబిన్సన్ వంతు వచ్చింది. కాలేజీలో ఉండగానే డిజాన్ మస్టర్డ్‌తో తన పేరు ప్రాస కలిసిందని ఆవపిండి సాసు అమ్మిన కుర్రాడు. 'చిన్న వ్యాపారి, తొందరగా తీర్చాలి' అని కాగితమెక్కింది.

"ఈ గిల్బర్ట్?"

"అబ్బో, ఈ కాలం పిల్లలకి తెలియదు. 1966 నుంచి 1968 దాకా."

మావయ్యగారు చటుక్కున తలెత్తారు. "నైన్టీన్ సిక్స్టీ ఎయిట్?"

"అవును."

"టైమ్ బార్డ్!" అని కేక పెట్టారు. పెరట్లో అందరూ ఇటు తిరిగారు. "త్రీ ఇయర్స్ దాటితే ప్రోనోటు చెల్లదు! మూడు వేల రెండు వందల ముప్పై ఒకటి కొట్టేయండి! అసలు అప్పటికి మా అల్లుడు పుట్టనేలేదు!"

నేను ఐసు బకెట్‌తో పరిగెత్తుకొచ్చాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, మా ఆవిడకి విడిగా ఒకసారి చెప్పాల్సి వచ్చింది. అవి డాలర్లు కావు, గజాలు. వీళ్ళు అప్పులవాళ్ళు కారు, ఆటగాళ్ళు. పక్కింటాయన నవ్వీ నవ్వీ పొయ్యికి ఆనుకోబోయి తప్పుకున్నాడు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "అయితే చెంబు సంగతి నిజమేనా?" అంది.

మావయ్యగారు సిగ్గుపడే రకం కాదు. కవరు లోపల పెట్టుకుని, ఇరవై వెనక్కిచ్చి, కళ్ళజోడు సర్దుకున్నారు. "సరే, ఆటే అనుకుందాం. ఏడాది వారీ లెక్కలు చెప్పమనండి" అన్నారు. పక్కింటాయనకి అవన్నీ నోటికి వచ్చు. బెన్సన్‌వి 1,053, 1,293, 1,360, 1,834. ఆ పేరు వచ్చినప్పుడు టోపీ తీశాడు. బెన్సన్ 2019లో ఇక్కడే, ఆస్టిన్‌లో, మోటారు సైకిల్ ప్రమాదంలో పోయాడు. ముప్పై ఆరేళ్ళు. మావయ్యగారు కూడా ఒక్క క్షణం పెన్ను కింద పెట్టారు.

తర్వాత తీర్పు చెప్పారు. బెన్సన్ ఫస్ట్: నాలుగు వాయిదాలూ వెయ్యికి పైనే, ఏటికేడాదీ పెంచుకుంటూ వచ్చాడు, బాకీ పార్టీ అంటే అలా ఉండాలి. గిల్బర్ట్ సెకండ్: అప్పట్లో మొదటి ఏడు ఆడనిచ్చేవారు కాదట, ఇచ్చిన మూడేళ్ళూ వెయ్యి దాటించాడు. అలా మూడుసార్లు దాటినవాడు దేశం మొత్తం మీద అతనే మొదట. విలియమ్స్ థర్డ్: మొత్తం ఘనమే గానీ మొదటి ఏడు 990 దగ్గర ఆగాడు, పది తక్కువైనా డిఫాల్టు డిఫాల్టే. "క్యాంప్‌బెల్‌కి మూడో ఏడు 653. కాలు నొప్పి అంటున్నారు. మెడికల్ సర్టిఫికెట్ ఉందా?"

పక్కింటాయన నవ్వు ఆగిపోయింది. మ్యాచ్ రెండో క్వార్టర్ అయ్యేదాకా మావయ్యగారితో మాట్లాడలేదు. మూడో క్వార్టర్‌లో గారె కావాలని అడిగాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ తణుకు ఫోన్ చేసింది. వారం రోజులుగా అక్కడ పిన్నిగారూ బాబాయిగారూ ఎవరి పొలం అమ్మి మమ్మల్ని ఒడ్డున పడేయాలా అని మల్లగుల్లాలు పడుతున్నారట. "అప్పూ లేదు, సప్పూ లేదు పిన్నీ. నాన్న పొరపాటు పడ్డారు. అవి డాలర్లు కావు, గజాలు" అని గబగబా చెప్పింది. లైన్ సరిగ్గా లేదు. తెల్లవార్లూ ఫోన్లు వస్తాయేమోనని తీసి పక్కన పెట్టాం.

పొద్దున్నే బాబాయిగారు చేశారు. గొంతులో ఇదివరకెప్పుడూ లేని మర్యాద. "అల్లుడుగారూ, ఇరవై రెండు వేల తొమ్మిది వందల గజాలంటే నాలుగున్నర ఎకరాలు దాటింది కదండీ! ఒక్కమాట చెప్పారు కాదు. ఆ క్యాంప్‌బెల్ బిట్టు తూర్పు ఫేసింగేనా?"