పిల్లల బీఎంఐకి పెద్దల కొలత సరిపోదు

బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 25 లోపు ఉంటే చాలని మీ వ్యాసంలో రాసిన మాట పెద్దలకే తప్ప పిల్లలకు వర్తించదని మనవి. తిరుపతిలో పదేళ్ల మా అమ్మాయి బడి నుంచి తెచ్చిన చీటీలో 140 సెంటీమీటర్లు, 41 కిలోలు, బీఎంఐ 20.9 అని చూసి నేనూ నిశ్చింతగా ఉండిపోయాను. ఆ వయసు ఆడపిల్లకు అది అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టికలో 85వ పర్సంటైల్ (అదే వయసు ఆడపిల్లలు నూరుమందిలో 85 మంది కంటే ఎక్కువ) దాటిన అధిక బరువని, పదిహేనేళ్ల అమ్మాయికైతే అదే అంకె ఆరోగ్యకరమైన పరిధిలోనే ఉంటుందని పిల్లల డాక్టరు గారు గీతల మధ్య పెన్నుతో చుక్క పెట్టి చూపించాకే అర్థమైంది. 95వ పర్సంటైల్, ఆపైన అయితే ఊబకాయం. 5వ పర్సంటైల్ కంటే తక్కువైతే బరువు చాలదని అర్థం. పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మన పిల్లల కోసం 2015లో వేరే పట్టికలు ప్రచురించింది కనుక, వ్యాసంలో వాటిని కూడా దయచేసి చేర్చండి.