పది నిమిషాల్లో చెప్పండి

మన జాతికి మార్కుల పిచ్చి ఉందని తెలుసు గానీ, అది ఎంసెట్‌తో వదిలిపోతుందని మొన్నటిదాకా అనుకునేవాణ్ని. వదలదు. అరవై దాటాక తిరగబెడుతుంది. పెళ్లి పంక్తిలో ఒకాయన "నాకు గుండె నాళంలో 90 శాతం బ్లాకండీ" అంటే, పక్కాయన "నాకు 95, పైగా మూడు స్టెంట్లు వేశారు" అని కండువా సర్దుకుంటాడు. (స్టెంటంటే, ఇరుకైన నాళం తెరిచి ఉంచడానికి లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం.) 60 వచ్చినవాడు ఎవరి మొహమూ చూడకుండా పెరుగన్నం కలుపుకుంటాడు.

ఈ మార్కులు వేసే హాలు ఒకటుంది. గుండె నాళాల్లోకి సన్న గొట్టం పంపి చూసే క్యాథ్‌ల్యాబ్ పక్కన, అద్దం వెనకాల, చిన్న గది. మీలో సగం మంది చూసే ఉంటారు. మిగతావాళ్లకీ పిలుపొస్తుంది, కంగారు పడకండి.

మా బాబాయి ఆ గదిదాకా స్కూటర్ మీద వెళ్లాడు. డాలస్‌లో ఉన్న కొడుకు పుట్టినరోజు కానుకగా హైదరాబాద్‌లో ఓ పెద్దాసుపత్రిలో మాస్టర్ హెల్త్ చెకప్ బుక్ చేశాడు. (ఇదివరకు కొడుకులు వాచీలు పంపేవారు.) బాబాయికి నొప్పి లేదు, ఆయాసం లేదు, రోజూ పార్కులో ఐదు చుట్లు తిరుగుతాడు. షుగర్ పరీక్ష కోసం పరగడుపున, హెల్మెట్ చంకలో పెట్టుకుని వెళ్లాడు. ట్రెడ్‌మిల్ మీద ఈసీజీ గీత కాస్త తేడాగా వచ్చిందన్నారు. ఎందుకైనా మంచిది, యాంజియో (నాళాల్లోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలో చూడడం) చేసేద్దామన్నారు. తెలుగులో "ఎందుకైనా మంచిది" కన్నా ఖరీదైన మాట ఇంకోటి లేదు. సాయంత్రానికి మా కుటుంబమంతా ఆ అద్దం గదిలో ఉన్నాం. అద్దానికి అవతల టేబుల్ మీద బాబాయి, మణికట్టులో గొట్టంతో, ఇడ్లీ ఎప్పుడు పెడతారని అడుగుతున్నాడు.

తెర మీద ఏవో నల్లటి కొమ్మలు కొట్టుకుంటున్నాయి. డాక్టరుగారు పెన్నుతో చూపిస్తూ "ఇక్కడ 90, ఇక్కడ 80" అన్నారు. అందరం గంభీరంగా తలలూపాం. నాకు కనిపించింది ఆకు రాలిన వేపచెట్టు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. వీడియో కాల్‌లో డాలస్ తమ్ముడు నిద్రమొహంతో "ఇంపోర్టెడ్‌దే వెయ్యమను అన్నయ్యా" అన్నాడు. (అబ్దుల్ కలాంగారూ, గుండె డాక్టర్ సోమరాజుగారూ కలిసి 1998లో తక్కువ ధర స్టెంటు తయారుచేసిన దేశం మనది. పోనీలెండి.)

"పేషెంట్ టేబుల్ మీదున్నారు. స్టెంట్లు వెయ్యాలో వద్దో పది నిమిషాల్లో చెప్పండి. ఈలోపు ఏమన్నా అయితే మా పూచీ లేదు" అన్నారు డాక్టరుగారు.

అప్పుడు మావయ్య నోరు విప్పాడు. పిన్నికి అన్నగారు, సాగర్ కుడి కాలువ మీద ముప్పై ఏళ్లు పనిచేసిన అసిస్టెంట్ ఇంజనీరు. "డాక్టరుగారూ, పూడిక ఉన్నచోట నీళ్లు సన్నగా పారతాయి, ఒప్పుకుంటాను. కానీ గండి పడేది పూడిక దగ్గర కాదండీ. గట్టు మెత్తబడ్డచోట. అది ఎక్కడైనా ఉండొచ్చు. ఈ రెండుచోట్లా తీస్తే మిగతా కాలువ సంగతేంటి?"

గదిలో చీమ చిటుక్కుమనలేదు. కౌన్సెలింగ్ అమ్మాయి జాలిగా నవ్వింది. "అన్నయ్యా, నువ్వు కాసేపు బయట కూర్చో" అంది పిన్ని.

బయట కూర్చోబెట్టిన ఆ పెద్దమనిషి చెప్పిందే అసలు శాస్త్రం. గుండెపోట్లు చాలావరకు బాగా ఇరుకైనచోట రావు. పెద్దగా అడ్డు కూడా లేనిచోట మెత్తటి కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి వస్తాయి. కాలువ పొడవునా గట్టు గట్టిపరిచేవి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీ, బీపీ అదుపు, చుట్ట మానెయ్యడం. స్టెంటు బాగుచేసేది ఒక్క ఫర్లాంగు. గుండె జబ్బు నిలకడగా ఉన్న రోగులకు స్టెంటు వేసినా, మందులతో సరిపెట్టినా చావుల్లో, గుండెపోట్లలో తేడా రాలేదని 2007లో కరేజ్ అధ్యయనం 2,287 మందితో చెప్పింది. నమ్మబుద్ధి కాలేదేమో, 37 దేశాల్లో 5,179 మందితో ఇస్కీమియా అని ఇంకోటి చేశారు. 2020లో అచ్చయింది. అదీ అదే చెప్పింది. బ్రిటన్‌లోనైతే 2017లో 200 మందిని టేబుల్ ఎక్కించి, మత్తిచ్చి, చెవుల్లో పాటలు పెట్టి, సగం మందికి స్టెంటు వేశారు, సగం మందికి వేసినట్టు నటించారు. నడక పరీక్షలో రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుండె ఎడమ పెద్ద నాళం మొదట్లోనే బాగా ఇరుకైతే లెక్క వేరు. మందులకు లొంగని నొప్పిని తగ్గించడంలో స్టెంటుకు మంచి పేరే ఉంది. కానీ నొప్పే లేని మా బాబాయికి ఏ నొప్పి తగ్గించారో ఇప్పటికీ తేలలేదు.

ఎనిమిదో నిమిషానికి సంతకం పెట్టేశాం. రెండు నిమిషాలు మిగిల్చాం.

ధర గురించి కూడా చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో ధరల నియంత్రణ సంస్థ స్టెంటుకు పగ్గం వేసింది. మందు పూత ఉన్నదానికి అప్పట్లో 29,600, పూత లేనిదానికి 7,260 రూపాయలు. అంతకుముందు కొన్నింటి మీద ఆసుపత్రుల లాభం 654 శాతం దాకా ఉందని ఆ సంస్థ లెక్కే చెప్పింది. మార్కులంటే అవీ. మరి ప్యాకేజీ తగ్గిందా అంటారా? బెలూనుంది, వైరుంది, గొట్టముంది, గది అద్దె ఉంది. వాటికి అలాంటి పగ్గం వెయ్యలేదు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఆ "పది నిమిషాలు" అన్న మాట దగ్గర మాత్రం నవ్వు రావడం లేదు. ఎందుకంటే వైద్యంలో పది నిమిషాల నియమం నిజంగానే ఒకటుంది. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తియ్యాలి. గుండెపోటని తేలితే తొంభై నిమిషాల్లో నాళం తెరవాలి. అంత దగ్గర్లో క్యాథ్‌ల్యాబ్ లేకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలి. స్టెంటు అక్కడ ప్రాణం పోస్తుంది. గడియారం చూడాల్సింది అక్కడ! ఆరు నెలలు ఆలోచించుకోగల మనిషి ముందు గడియారం పెట్టి, నిమిషాల్లో పోయే మనిషికి సోడా తాగిస్తారేంట్రా?

పల్నాడులో మా ఊళ్లో ట్రాక్టర్ తోలే అతను, నలభై ఆరేళ్లు. పోయిన వేసవిలో తెల్లవారుజామున ఛాతీ పట్టేసి, చెమటలు కారి, ఎడం చెయ్యి లాగిందన్నాడు. ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. గోలీ ఇచ్చాడు, సూది వేశాడు, మధ్యాహ్నం మళ్లీ సూది వేశాడు. ఈసీజీ తీసేసరికి సాయంత్రం ఐదు. గుంటూరు తీసుకుపొమ్మన్నారు. సత్తెనపల్లి దాటలేదు. "తొందరగా చెప్పండి" అని ఆ రోజంతా ఒక్కడూ అనలేదు.

బాబాయి, నేనూ పరామర్శకు వెళ్లాం. ఆయన జేబులో రక్తం పలచబడే గోలీలు, సంచిలో ఎవరన్నా అడిగితే చూపించడానికి యాంజియో సీడీ. అతని భార్య గడపలో కూర్చుని ఉంది. బాబాయిని చాలాసేపు చూసి అడిగింది:

"మీకూ ఇదే జబ్బంట గదా బాబుగారూ. మీకు ముందే ఎట్టా తెలిసింది?"

పుట్టినరోజు కానుక అని చెప్పలేక, బాబాయి సంచి సర్దుకుని చెప్పులు వెతుక్కున్నాడు.