అమెరికా కాలేజీ చెప్పిన ధరకు తలూపాల్సిందేనా?

మార్చి నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఒకటే హడావుడి. ఎవరికి ఎక్కడ సీటు వచ్చింది, ఎక్కడ చేజారింది అన్న కబుర్లు ఫ్రిస్కో నుంచి ఎడిసన్ దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. సీటుతో పాటో, కాస్త వెనకగానో ఇంకో కాగితం వస్తుంది. కాలేజీ ఎంత ఆర్థిక సాయం ఇస్తుందో చెప్పే లేఖ అది. దాని గురించి మాత్రం గ్రూపులో ఎవరూ నోరు విప్పరు. బంగారం కొట్లో తరుగు దగ్గర గంటసేపు బేరమాడే మనవాళ్లు, నాలుగేళ్లకు మూడు లక్షల డాలర్లు దాటగల ఖర్చు విషయంలో ఆ లేఖను శిలాశాసనంలా కళ్లకద్దుకుంటారు. మళ్లీ అడిగితే సీటు తీసేస్తారేమోనన్న భయం కొంత, చేయి చాచినట్టు అవుతుందన్న మొహమాటం కొంత. రెండూ అక్కర్లేనివే. మర్యాదగా, కారణం చూపి, ఒకసారి పునఃపరిశీలించమని అడగడానికి చట్టంలోనే చోటుంది. అయితే ఎవరిని ఏ కారణంతో అడగాలో తెలియకుండా రాసిన ఉత్తరానికి జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది.

అడగడం కంటే ముందు ఆ లేఖను చదవడం రావాలి. ఏడాదికి 86,000 డాలర్లు ఖర్చయ్యే ఒక ప్రైవేటు కాలేజీని ఊహించుకుందాం. నిన్న మొన్నటి దాకా అలాంటి చోటు నుంచి వచ్చే లేఖ ఇలా ఉండేది: కాలేజీ గ్రాంటు 31,000, వర్క్ స్టడీ 3,000, విద్యార్థి పేరిట ఫెడరల్ లోను 5,500, పేరెంట్ ప్లస్ 46,500. అన్నీ కూడి, చివర్లో మీరు కట్టాల్సింది సున్నా అని ముచ్చటగా ఒక వరుస. ఇందులో నిజంగా తగ్గింది 31,000 మాత్రమే. వర్క్ స్టడీ అంటే మన పిల్ల లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో పనిచేసి సంపాదించుకోవాల్సిన జీతం, అదీ పని దొరికితేనే. మిగిలిన రెండూ అప్పులు. ఒకటి పిల్ల నెత్తిన, రెండోది తల్లిదండ్రుల నెత్తిన. గ్రాంటు పోగా మిగిలిన ఖర్చు 55,000. ఫీజులు పెరగవనుకున్నా నాలుగేళ్లకు 2 లక్షల 20 వేలు. సున్నా ఎక్కడ, ఇదెక్కడ?

ఇది ఏదో ఒక కాలేజీ మాయ అనుకుంటే పొరపాటే. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జీఏఓ 2022 చివర్లో ఇచ్చిన నివేదిక ప్రకారం 91 శాతం కాలేజీలు తమ లేఖల్లో అసలు ఖర్చును చెప్పడం లేదు, లేదా తగ్గించి చెబుతున్నాయి. అంతకు ముందు 2018లో న్యూ అమెరికా, యూఆస్పైర్ సంస్థలు కలిసి వందలాది లేఖలను పరిశీలించాయి. ఒకే రకమైన ఫెడరల్ రుణానికి వాటిలో 136 వేర్వేరు పేర్లు కనిపించాయి. వాటిలో 24 పేర్లలో అది అప్పు అన్న సంగతే లేదు. అందరూ ఒకే నమూనాలో లేఖ ఇవ్వాలన్న బిల్లు అమెరికా కాంగ్రెస్ ముందుకు చాలాసార్లు వచ్చింది, అన్నిసార్లూ అటకెక్కింది. విద్యాశాఖ తయారు చేసిన నమూనా ఒకటి ఉన్నా, సాధారణంగా దాన్ని వాడటం కాలేజీల ఇష్టం. కాబట్టి నాలుగు కాలేజీల లేఖలు వస్తే, నాలుగింట్లోనూ గ్రాంట్లు తప్ప మిగతావన్నీ కొట్టేసి ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోవడం తప్ప దారి లేదు.

ఇంతకూ ఈ ధర ఎలా పుడుతుంది? అమెరికాలోని ప్రైవేటు కాలేజీలు కొత్తగా చేరే విద్యార్థులకు తాము ప్రకటించిన ట్యూషన్ ఫీజులో సగటున సగానికి పైగా తగ్గిస్తున్నాయి. బోర్డు మీద రాసిన ధరను పూర్తిగా కట్టేవాళ్లు తక్కువ. ఎవరికెంత తగ్గించాలన్నది రెండు లెక్కలను బట్టి ఉంటుంది. ఒకటి కుటుంబ అవసరం. ఫాఫ్సా దరఖాస్తు ద్వారా ప్రభుత్వం, సీఎస్ఎస్ ప్రొఫైల్ ద్వారా కొన్ని వందల కాలేజీలు దీన్ని అంచనా వేస్తాయి. రెండోది కాలేజీ అవసరం. ఈ విద్యార్థి మన దగ్గర చేరాలంటే ఎంత తగ్గించాలి, ఎంత తగ్గిస్తే చాలు అన్న వ్యాపార లెక్క ఇది. దీన్నే ప్రతిభా స్కాలర్‌షిప్పు అని గౌరవంగా పిలుస్తారు. మొదటి లెక్కకు వ్యతిరేకంగా అప్పీలు చేసే పద్ధతి వేరు, రెండో లెక్కను సవరించమని అడిగే పద్ధతి వేరు. మనవాళ్ల ఉత్తరాలు ఎక్కువగా దెబ్బతినేది ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే. హార్వర్డ్‌కు, యేల్‌కు మా వాడికి ఎస్ఏటీ ప్రవేశ పరీక్షలో 1560 వచ్చిందని రాసి లాభం లేదు. ఐవీ లీగ్ కాలేజీలు ప్రతిభకు డబ్బివ్వవు, అవసరాన్నే చూస్తాయి. అక్కడ చేరేవాళ్లందరి మార్కులూ దాదాపు అంతే.

అవసరం ఆధారంగా చేసే అప్పీలుకు ఉన్నత విద్యా చట్టంలోని 479ఏ సెక్షన్ ఆధారం. ప్రత్యేక పరిస్థితులుంటే ఫాఫ్సాలోని అంకెలను కాలేజీ ఆర్థిక సాయ అధికారి సవరించవచ్చు. 2020 డిసెంబర్‌లో వచ్చిన ఫాఫ్సా సరళీకరణ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ఇలాంటి విన్నపాలను మేమసలు తీసుకోం అని ఏ కాలేజీ విధానంగా పెట్టుకోకూడదు. అడిగే వీలుందని అందరికీ తెలిసేలా ప్రకటించాలి కూడా. తుది నిర్ణయం మాత్రం కాలేజీదే, దాని మీద విద్యాశాఖకు వెళ్లినా ఫలితం ఉండదు.

ఈ సవరణ ఎందుకు అవసరమవుతుందో ఉద్యోగాలు ఊడిన ఇళ్లకు బాగా తెలుసు. ఫాఫ్సా చూసేది రెండేళ్ల నాటి ఆదాయం. 2026-27 విద్యా సంవత్సరానికి 2024 పన్ను లెక్కలే ప్రమాణం. 2025 నవంబర్‌లో లేఆఫ్ జరిగితే ఆ సంగతి దరఖాస్తులో ఎక్కడా కనిపించదు. కాగితం మీద ఆ ఇల్లు ఇంకా రెండు జీతాల ఇల్లే. అలాగే ఊళ్లో పొలం అమ్మిన ఏడాదో, కంపెనీ షేర్లు ఒక్కసారిగా చేతికొచ్చిన ఏడాదో లెక్కలోకి వస్తే, మళ్లీ రాని డబ్బును ఏటా వచ్చే ఆదాయంగా కట్టేస్తారు.

ఇలాంటి ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదు. మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ ఎంతో కష్టపడింది, మీ కాలేజీ అంటే ప్రాణం, దయచేసి కరుణించండి అన్న ధోరణి అధికారి చేతికి పనికొచ్చే ఒక్క అంకెనూ ఇవ్వదు. దానికి బదులు, 2024లో ఇద్దరి ఆదాయం 1,68,000 డాలర్లు. 2025 నవంబర్ 14న తండ్రి ఉద్యోగం పోయింది. 2026లో తల్లి జీతం, నిరుద్యోగ భృతి కలిపి రాగలది 79,000. ఉద్యోగం నుంచి తీసేసిన లేఖ, చివరి జీతం చీటీ, భృతి మంజూరు పత్రం జతచేశాం అని రాస్తే, ఆ అధికారి లెక్కను మళ్లీ వేయగలడు. ఇన్సూరెన్స్ భరించని ఆసుపత్రి ఖర్చులు, ఇంట్లో ఒకరి తీవ్ర వైకల్యం, పిల్లల సంరక్షణ ఖర్చు వంటివి కూడా చట్టం పేర్కొన్న కారణాలే. కొత్త కారు వాయిదాలు, ఇంటి లోను, క్రెడిట్ కార్డు బాకీ వంటివి మన ఇష్టంతో పెట్టుకున్న ఖర్చుల కింద పోతాయి.

ఇక్కడ రెండు విషయాలు తెలుగు కుటుంబాలకు ప్రత్యేకం. మొదటిది ఇండియాలోని అమ్మానాన్నలకు పంపే డబ్బు. వాళ్లు మనతో ఒకే ఇంట్లో ఉండరు కాబట్టి ఫాఫ్సా కుటుంబ సభ్యుల లెక్కలోకి రారు. కానీ సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో ప్రత్యేక పరిస్థితులు వివరించే చోటుంది. తండ్రి గుండె ఆపరేషన్‌కు డబ్బు పంపిన బ్యాంకు రశీదులు, ఆసుపత్రి బిల్లులు చూపితే కొన్ని కాలేజీలు పరిగణిస్తాయి. కాగితం లేని కన్నీటికి విలువ లేదు.

రెండోది ప్లాటు. హైదరాబాద్‌లో ఫ్లాటు, విజయవాడ దగ్గర స్థలం, బ్యాంకులో ఎన్ఆర్ఈ డిపాజిట్ లాంటివి రాయక్కర్లేదని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. ఆయన మాట వినకండి. మనం నివసించే ఇల్లు, 401కె వంటి రిటైర్మెంట్ ఖాతాలు ఫాఫ్సాలో లెక్కకు రావు. ఇతర స్థిరాస్తి, పొదుపు, పెట్టుబడులు ఏ దేశంలో ఉన్నా వస్తాయి. తల్లిదండ్రుల ఆస్తిలో గరిష్ఠంగా 5.64 శాతం దాకా ఏటా చదువుకు పెట్టగలరని లెక్క. అంటే 2 లక్షల డాలర్ల ప్లాటు కుటుంబం మీద వేసే భారాన్ని ఏడాదికి 11,280 డాలర్ల దాకా పెంచగలదు. 2026-27 నుంచి కుటుంబం నివసించే పొలాన్ని మినహాయించారు కదా అని కౌలుకిచ్చిన కృష్ణా జిల్లా వరి పొలానికి దాన్ని వర్తింపజేసుకోవాలని చూసేవాళ్లూ ఉంటారు. అక్కడ మనం నివసించడం లేదు మరి. తప్పుడు వివరాలిస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చని ఆ దరఖాస్తే చెబుతుంది. ఆ ఆస్తి వృద్ధులైన తల్లిదండ్రుల నివాసమని, అమ్మే వీలు లేదని నిజాయతీగా రాసి, లెక్క తగ్గించమని అడగడమే మార్గం.

ఇక ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లకు అవసరం లెక్కలో దక్కేది చాలా చోట్ల శూన్యమే. హార్వర్డ్, ఎంఐటీ 2025 నుంచి ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న, మామూలు ఆస్తులే ఉన్న కుటుంబాలకు ట్యూషన్ ఫీజు ఎత్తేశాయి గానీ, ఆ తలుపులు తెరుచుకునేది ఎందరికి? ఈ కుటుంబాల చేతిలో ఉన్నది రెండో లెక్క. సమాన స్థాయి కాలేజీ ఒకటి ఎక్కువ తగ్గించిందని ఆ లేఖ జతచేసి, మీ దగ్గరే చేరాలని ఉంది, ఇంత తేడా తగ్గితే వెంటనే చేరతాం అని రాయడం అక్కడ సహజమే. యూనివర్సిటీ ఆఫ్ అలబామా లాంటివి మాత్రం మార్కులను బట్టి ఎంతిస్తాయో ముందే పట్టిక వేసి ప్రకటిస్తాయి. అక్కడ బేరానికి చోటు తక్కువ, ఊహాగానాలకూ తక్కువే. నన్నడిగితే అందరూ ఇలాగే చేయాలి.

ఏ కాలేజీలో చేరేదీ తేల్చి చెప్పాల్సిన మే 1 గడువు దాటాక ఇంకో కాలేజీకి ఖరారైన విద్యార్థిని లాక్కోకూడదన్న నియమాన్ని అడ్మిషన్ అధికారుల సంఘం న్యాయశాఖ ఒత్తిడితో 2019లో తొలగించింది. అందుకే గడువు తర్వాత కూడా కొత్త తగ్గింపులతో ఈమెయిళ్లు వస్తుంటాయి. సీటిస్తే తప్పక చేరతామని ముందే ఒప్పుకునే ఎర్లీ డెసిషన్‌లో సీటు తీసుకున్నవాళ్లకు పోల్చి చూపడానికి రెండో లేఖే ఉండదు. ఇచ్చిన సాయం చాలకపోతే ఆ ఒప్పందం నుంచి తప్పుకునే వీలుంది గానీ, బేరానికి బలం అక్కడితో సరి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే, కానీ అడగడం వచ్చిన బిడ్డకే పెడుతూ పోతే ఆ ఇంట్లో న్యాయం ఉన్నట్టా? ఈ అప్పీళ్ల వ్యవస్థతో నా పేచీ అదే. ఉత్తరం ఎలా రాయాలో చెప్పేందుకు డబ్బు తీసుకునే సలహాదారులున్నారు. రెండు షిఫ్టులు పనిచేసే తల్లికి, గ్యాస్ స్టేషన్ నడిపే తండ్రికి అలాంటి వీలుందని తెలిసే సరికే మే నెల వెళ్లిపోతుంది. కాలేజీలేమో తమలో తాము చక్కగా మాట్లాడుకోగలవు. యేల్, కొలంబియా, బ్రౌన్, డ్యూక్ సహా పేరున్న విశ్వవిద్యాలయాలు సాయం లెక్కించే పద్ధతిలో కుమ్మక్కై ధర పెంచాయంటూ 2022 జనవరిలో దావా పడింది. 2024 నాటికి పది సంస్థలు కలిపి 28 కోట్ల 40 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. ధర వేసేవాళ్ల దగ్గర మన పన్నుల లెక్క, ఆస్తుల లెక్క, ఒకోసారి మనకు వచ్చిన ఇతర సీట్ల సమాచారం కూడా ఉంటాయి. మన దగ్గర ఉండేది ఒక్క లేఖ.

అప్పు దొరకడమూ కష్టమవుతోంది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా పేరెంట్ ప్లస్ తీసుకునేవాళ్లకు ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం 65,000 డాలర్లే పరిమితి. మనం ఊహించుకున్న లేఖలోని 46,500 వరుసకు ఇక చోటు లేదు. తల్లిదండ్రులను అప్పుల ఊబిలోకి దింపిన ఆ రుణానికి పగ్గం వేయడం మంచిదే. మిగిలిన లోటును ప్రైవేటు బ్యాంకు నింపుతుందా, కాలేజీ తన ధర తగ్గించుకుంటుందా అన్నది అడిగేవాళ్ల గట్టిదనం మీద కూడా ఆధారపడుతుంది.

అడిగే తలుపే లేని పిల్లలూ ఉన్నారు. రెండేళ్ల వయసులో, హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద వచ్చి, ఇక్కడే బడి చదివి, గ్రీన్‌కార్డు వరుసలో తల్లిదండ్రులతో పాటు ఏళ్లు గడిపిన పిల్లలు వీళ్లు. ఫెడరల్ గ్రాంటు గానీ లోను గానీ వీళ్లకు రాదు. 479ఏ సెక్షన్ ఆదాయం అంకెలను మార్చగలదు, వీసా హోదాను మార్చలేదు. అదే ఇంట్లో అమెరికాలో పుట్టిన తమ్ముడికి మాత్రం, తల్లిదండ్రులు హెచ్1బీలో ఉన్నా, సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా, ఫాఫ్సా నింపే హక్కుంది. ఈ సంగతి తెలియక దరఖాస్తే చేయని ఇళ్లున్నాయి. అక్కను చాలా ప్రైవేటు కాలేజీలు విదేశీ విద్యార్థుల వరుసలో నిలబెడతాయి. సాయం అడిగితే సీటు అవకాశమే తగ్గుతుంది. అలా తగ్గించబోమని చెప్పేవి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడన్ వంటి కొన్ని మాత్రమే. కాబట్టి హెచ్4 బిడ్డ ఉన్న ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు మార్చి లేఖ వచ్చేదాకా ఆగకూడదు. మమ్మల్ని ఏ వరుసలో చూస్తారు, మీ రాష్ట్రంలో స్థానికుల ఫీజు వర్తిస్తుందా, మీ సొంత గ్రాంట్లకు వీసా అడ్డమా అన్న మూడింటికీ పదకొండో తరగతిలోనే ప్రతి కాలేజీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి.