సర్వరోగాలకూ గ్యాసే మందు

ఎండలు ముదరగానే విశాఖపట్నంలో కారున్న ప్రతి గృహస్థుకూ ఒక వైద్యవిద్య దానంతటదే పట్టుబడుతుంది. కారు ఏసీ చల్లగా రాకపోవడానికి కారణం గ్యాస్ తగ్గడమేననీ, దానికి మందు గ్యాస్ కొట్టడమేననీ, ఆ కొట్టేదేదో మెకానిక్ చేతిలో డబ్బులు పోయకుండా అపార్ట్‌మెంట్ సెల్లారులో మనమే కొట్టుకోవచ్చుననీ బోధించే ఈ విద్యకు గురువు అక్కర్లేదు, గ్రంథం అక్కర్లేదు; ఆన్‌లైన్‌లో తెప్పించిన 450 గ్రాముల డబ్బా, రబ్బరు గొట్టం, ప్రెషర్ చూపే రంగురంగుల గేజీ ఉంటే చాలు. ఈ విద్యను చులకన చేసేవారు ఈమధ్య ఎక్కువయ్యారు గనుక దాని పక్షాన నాలుగు మాటలు చెప్పవలసి వస్తోంది.

విమర్శకుల మొదటి అభ్యంతరం భౌతికశాస్త్రానికి సంబంధించినది. ఏసీలోని గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదనీ, కంప్రెసర్ నుంచి బండి ముందుండి వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కూ, అక్కణ్నుంచి ఎక్స్‌పాన్షన్ వాల్వు దాటి కూలింగ్ కాయిల్‌కూ, తిరిగి కంప్రెసర్‌కూ మూసిన గొట్టాల్లోనే తిరుగుతుందనీ, ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల గుండా జారిపోయే కొద్దిపాటి నష్టం మినహా అది తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టేననీ వారంటారు. నిజమే కావచ్చు. కానీ లీకు వెతకడం ఎంత విసుగు పని! అతుకుల మీద సబ్బు నురగ పూసి బుడగ ఎప్పుడు లేస్తుందా అని కళ్లప్పగించి కూర్చోవాలి. గ్యాస్‌తోపాటు బయటికొచ్చిన నూనె జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లటి మరక కట్టిందేమోనని బానెట్ కింద తల దూర్చి చూడాలి. అదే డబ్బా అయితే కాసేపట్లో ఖాళీ అవుతుంది, ఆ సాయంత్రానికి బీచ్ రోడ్డు మీద చల్లగాలి మన సొంతం. కొన్నాళ్లకు ఆ గ్యాసంతా బంగాళాఖాతం మీది గాలిలో కలిసిపోతే ఇంకో డబ్బా తెప్పించుకుంటాం. ఆర్-134ఎ అనే ఈ పదార్థం కిలో గాలిలో కలిస్తే వందేళ్ల లెక్కన 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువు చేసేంత చేటు చేస్తుందట; అంటే మన డబ్బా ఒక్కటీ దాదాపు 640 కిలోల పెట్టు. ఇటువంటి వాయువుల వాడకం తగ్గించాలన్న అంతర్జాతీయ ఒప్పందమైన కిగాలీ సవరణను 2021లో ఆమోదించిన మన దేశం వాటిని 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గించి 2047 నాటికి 85 శాతం కోత పెడతానని మాట ఇచ్చింది. అప్పటికింకా చాలా వేసవులున్నాయి గనుక సెల్లారు విద్యకు ఇప్పట్లో ముప్పు లేదు.

ఇక గేజీ సంగతి. ఇంజన్ ఆపి గేజీ తగిలిస్తే, లోపల గ్యాస్ కాస్తయినా ద్రవరూపంలో మిగిలి ఉన్నంతవరకూ ముల్లు చూపేది వేడినే తప్ప బరువును కాదు. 30 డిగ్రీల దగ్గర అర కిలో ఉన్నా, అందులో సగమే ఉన్నా అది 97 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గరే నిలబడి ఉంటుంది. కంప్రెసర్ తిరుగుతుంటేనే ఆ ముల్లుకు అర్థం. అది కూడా తక్కువ ప్రెషర్ వైపు ఒక్కటే చూస్తే సగం అర్థం. ఇలాంటి సందేహాలు మన పండితుణ్ని బాధించవు. ముల్లు పచ్చరంగులో ఉండాలని డబ్బా మీద రాశారు, పచ్చరంగు వచ్చేదాకా ఆయన పోస్తాడు. ఎదురు ఫ్లాటాయన లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, "ఏటి మాస్టారూ, ఇంకా వేడిగాలే వస్తందా? అయితే చాల్లేదన్నమాట, ఇంకాస్త పట్టించండి" అని సలహా కూడా ఇస్తాడు. గ్యాస్ ఎక్కువైతే కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి ప్రెషర్ పెరుగుతుందనీ, చల్లదనం తగ్గుతుందనీ, మరీ ముదిరితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుందనీ ఆ ఇద్దరికీ ఎవరు చెప్పగలరు? చల్లదనం తగ్గడాన్ని వారు గ్యాస్ ఇంకా చాలలేదనడానికి సాక్ష్యంగా స్వీకరిస్తారు.

సింహాద్రి అప్పన్నకు చందనం సమర్పించడానికి కూడా విడతకు మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలని లెక్క ఉంది. ఉగ్రమూర్తిని చల్లబరచడానికే తూకం అవసరమైనప్పుడు కారుకు అక్కర్లేదా అని ఏసీ మెకానిక్కులు వాదిస్తారు. ఎన్ని గ్రాములు పట్టించాలో చాలా కార్లలో బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుందనీ, గేజీని నమ్ముకోకుండా పాత గ్యాస్ లాగేసి, అరగంట వ్యాక్యూమ్ పెట్టి గాలినీ తేమనూ బయటికి పంపి, ఆపైన కాటా మీద తూచి ఎక్కించాలనీ వారి పద్ధతి. ఉక్కపోతకు ఉప్పు సీసాలో ఉప్పే నీరుకారే ఊళ్లో తేమను బయటికి పంపాలనుకోవడం వారి అమాయకత్వం. కంపెనీల అపనమ్మకం ఇంతకన్నా ఘోరం. ఎక్కువ ప్రెషర్ ఉండే గొట్టానికి మనం డబ్బా తగిలిస్తే డబ్బా పేలిపోతుందని భయపడి, ఆ వైపు మూతిని 16 మిల్లీమీటర్లకూ తక్కువ ప్రెషర్ వైపు మూతిని 13 మిల్లీమీటర్లకూ చేసి కూర్చున్నారు. పౌరుడి వివేకం మీద ఇంత అనుమానమా?

అన్నింటికంటే నీచమైన ఎత్తుగడ, జబ్బు గ్యాస్‌ది కాదని నిరూపించాలని చూడడం. ఆనందపురం వైపు హైవే మీద దూసుకుపోతున్నంతసేపూ మంచులా వీచిన ఏసీ హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగేసరికి నిట్టూర్పులు విడిస్తే, అది కండెన్సర్ ఫ్యాను పనిచేయకపోవడమో కండెన్సర్ రెక్కల్లో మట్టి దిగబడిపోవడమో అయి ఉంటుందని వారంటారు. బండి కదులుతున్నప్పుడు ఎదురుగాలే ఫ్యాను పని చేసిపెడుతుందట. ఏసీ వేసి, బానెట్ ఎత్తి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూడమంటారు. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత ఫ్యానుకు కరెంటు అందించే స్విచ్చు లాంటి రిలే చూడమంటారు. కండెన్సర్ మీద మెల్లగా నీళ్లు పోసినప్పుడు లోపల చల్లదనం పెరిగితే రోగం అక్కడే ఉన్నట్టట. పోర్టు వైపు తిరిగే బండి ముందు భాగంలోకి ఒకసారి టార్చిలైటు వేసి చూస్తే వారి మాటకు బలం కనబడుతుందని ఒప్పుకోక తప్పదు: రెక్కల మధ్య బొగ్గు నుసి, దానికి అతుక్కుని ఎండిన పురుగుల రెక్కలు, సముద్రపు ఉప్పుగాలికి తెల్లగా పొడిబారి వేలితో తాకితే రాలిపోయే అల్యూమినియం. ఆ ఉప్పే చివరికి కండెన్సర్‌కు సన్నని చిల్లులు వేస్తుంది. అయితే ఇంత అధ్వానపు దృశ్యం చూశాక కూడా డబ్బా విప్పగలిగిన మనిషి నిబ్బరాన్ని మెచ్చుకోవాలి.

ఏసీ ఫిల్టరు గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. గ్లవ్ బాక్సు వెనక, చేత్తోనే ఊడదీయగలిగే చోట, నాలుగైదు వందల రూపాయల్లో దొరికే ఒక కాగితపు మడత మూసుకుపోయినందువల్ల గాలి రావడం లేదని తేలితే పండితుడికి మిగిలే గౌరవమేమిటి? చాలా కార్లలో దాన్ని మొదటిసారి బయటికి లాగినప్పుడు వేపపూత, పావురం ఈక, బూడిదరంగు దూది కలిసి పడతాయి. బ్లోయరు నాలుగులో పెట్టినా గాలి మందంగా వస్తుంటే ముందు దీన్ని చూడాలన్నది ఎంత చప్పని సలహా!

కారు కింద నీళ్లు కారడం చూసి "గ్యాస్ లీకు" అని ప్రకటించే శాఖ ఒకటి వేరే ఉంది. మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోయే పదార్థం సెల్లారు నేల మీద మడుగు కట్టి నిలవదనీ, ఆ నీళ్లు విశాఖ గాలిలోని తేమ కూలింగ్ కాయిల్ మీద చేరి జారినవేననీ, అంతలా కారుతోందంటే కాయిల్ చక్కగా చల్లబడుతున్నట్టేననీ వారికి చెప్పిచూశారు. మడుగు కళ్లెదుట కనబడుతుంటే లెక్కలెందుకని వారు అడిగారు.

డబ్బాలో సగం మిగిలితే పారేయకూడదన్నది ఈ విద్యలో ఆఖరి సూత్రం. మూత బిగించి డిక్కీలో స్టెప్నీ పక్కన పడేసి, వచ్చే వేసవి దాకా కారుతోపాటే ఊరంతా తిప్పుతారు. 50 డిగ్రీలకు మించిన వేడి తగలనీయవద్దని డబ్బా మీద రాసే ఉంటుంది గానీ, అక్షరాలు మరీ చిన్నవి, మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్ దగ్గర ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ తెరిచి చదివే ఓపిక ఎవరికుంటుంది?