బంగారంలాంటి ఉద్యోగం వదులుకున్న కుర్రాడు

నాటకాలంటూ తిరిగే పిల్లల్ని భయపెట్టడానికి పెద్దవాళ్లకు ఫ్రెంచి నాటకకర్త మోలియేర్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

1622లో పారిస్‌లో పుట్టాడు. తండ్రికి ఫ్రాన్స్ రాజుగారి కొలువులో పరుపులు, తెరలు, కుర్చీల తొడుగులు చూసుకునే పని. ఏడాదికి మూడు నెలలే డ్యూటీ, 300 లివ్రుల (అప్పటి ఫ్రెంచి డబ్బు) జీతం, తండ్రి తర్వాత కొడుక్కి గ్యారంటీ. ఇంతకన్నా పర్మినెంటు ఉద్యోగం ఉంటుందా? మనవాడు 1643లో ఆ హక్కు వదిలేసి నాటక కంపెనీ పెట్టాడు. రెండేళ్లకే అప్పులవాళ్లు జైల్లో వేయించారు.

ఆ తర్వాత పదమూడేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగాడు. 1658లో పద్నాలుగో లూయీ ఎదుట ఆడే ఛాన్స్ వచ్చింది. అప్పటి పెద్ద నాటకకర్త కోర్నేయ్ రాసిన గంభీరమైన నాటకం వేస్తే సభ చప్పబడింది. వెంటనే ఓ చిన్న ప్రహసనం ఆడాడు, రాజు నవ్వాడు. రాజు నవ్వాక హాలు దొరక్కపోతుందా? గంభీరంగా ఉండడం చేతకానివాళ్లకు ఇలాంటి అడ్డదారులే దిక్కు. 1660లో తమ్ముడు పోతే, కిమ్మనకుండా ఆ పరుపుల ఉద్యోగం మళ్లీ తీసుకున్నాడు. చూశారా, నాన్న మాటే నెగ్గింది!

అక్కడితో ఊరుకోవచ్చుగా. 1664లో దొంగభక్తుడి మీద ‘తార్త్యూఫ్’ రాశాడు. దొంగభక్తుణ్ణి తిడితే అసలు భక్తులకెందుకు కోపం అంటారా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లు పారిస్‌లోనూ ఉంటారు. 1669 దాకా ఆ నాటకాన్ని జనం ముందు స్వేచ్ఛగా ఆడనివ్వలేదు. డాక్టర్లనీ వదల్లేదు. ఈ జబ్బు గోదావరి దాకా పాకింది. భమిడిపాటి కామేశ్వరరావుగారు ఇతని నాటకాల్నే తెలుగులోకి దించారు.

1673 ఫిబ్రవరి 17. లేని రోగం ఉందనుకునే మనిషి వేషంలో, ఉన్న రోగంతో దగ్గుతూ ఆట పూర్తిచేసి, ఆ రాత్రే ఇంట్లో పోయాడు. నటుడు కాబట్టి చర్చి మామూలుగా పాతిపెట్టనివ్వనంది. భార్య రాజుగారి కాళ్లావేళ్లా పడితే రాత్రిపూట, హడావుడి లేకుండా కానిచ్చారు.

ఫ్రెంచి భాషకు పెద్దదిక్కైన పండితుల సభ ఫ్రెంచి అకాడమీలో 40 కుర్చీలున్నాయి. కుర్చీల తొడుగులు కుట్టే ఇంటి పిల్లవాడికి అందులో ఒక్కటీ ఇవ్వలేదు. తొందరపడడం వాళ్లకు అలవాటు లేదు. 1778లో మాత్రం విగ్రహం పెట్టుకున్నారు. చివరి ఆటలో అతను కూర్చున్న కుర్చీని కొమెదీ ఫ్రాంసేజ్ నాటకశాల వాళ్లు ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు. తోలంతా అరిగిపోయింది. వాళ్ల నాన్న చూస్తే ముందు దానికి కొత్త తొడుగు వేయించేవాడు.